మౌస్ బంతి పోయిన ఏడాది

చలి ముదిరింది గదరా. కుర్చీలు మంట దగ్గరికి లాక్కోండి. పొగ మీ మీదికొస్తే పక్కకి జరగండి, అంతేగానీ ఆ వంకన లోపలికి పారిపోవద్దు. ఈ మొద్దు సరిగ్గా అంటుకోవాలంటే ఇంకో పావుగంట పడుతుంది. ఈలోగా ఏదో ఒకటి చెప్పుకుందాం.

ఏమిట్రా చిన్నోడా, ఆ చేతిలో? గరాజ్‌లో దొరికిందా? పైఅరలో, మీ అమ్మమ్మ పాత ప్రెషర్ కుక్కర్ వెనకాలేనా? ఇలా తే, నా ఒళ్ళో పెట్టు. మంటకి దూరంగా పట్టుకో, ప్లాస్టిక్కది. అబ్బ, దుమ్ము చూడు. నీ చొక్కాతోనే తుడువు, మీ అమ్మ ఇటు చూడట్లేదులే.

దీనికి ఎన్నేళ్ళనుకుంటున్నావు? మీ అమ్మకన్నా ఏడాది పెద్దది. దీన్ని ట్రాక్‌బాల్ అంటారు. అటారీ కంపెనీ 1983లో తెచ్చింది, సీఎక్స్22 అని దీని నంబరు. బంతి మీద అరచెయ్యి ఆనించి దొర్లించు. చూశావా, పెట్టె కదలదు, బంతి ఒక్కటే తిరుగుతుంది. మౌస్ అయితే చెయ్యి మొత్తం బల్ల మీద ఊరేగాలి. దీనికి ఆ ఊరేగింపు అక్కర్లేదు. చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, తెర మీద బాణం మాత్రం ఊరంతా తిరిగొస్తుంది.

నవ్వకండి. ఒక ఏడాది పాటు మా ఇంట్లో మౌస్ పనంతా ఇదే చేసింది. ఎందుకంటే అసలు మౌసులో బంతిని మీ అమ్మ పోగొట్టింది. ఆ ముచ్చట చెబుతా, కానీ మొదట్నించీ చెప్పాలి. మధ్యలోంచి అందుకుంటే నాకు తృప్తి ఉండదు.

నేనీ దేశం 1981లో వచ్చా. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది, వచ్చిపడింది షికాగో చలిలో. చదువై, ఉద్యోగం దొరికి, మీ అమ్మమ్మ వచ్చి, ఒక్క బెడ్రూం అపార్ట్‌మెంట్‌లో కాపురం కుదురుకునేసరికి 1983 చివరికొచ్చింది. అప్పుడు కొన్నా అటారీ 800ఎక్స్ఎల్. దాని మెమరీ మొత్తం 64 కిలోబైట్లు. నీ ఫోన్లో తీసిన ఒక్క ఫొటో అందులో పట్టదు. కంప్యూటరంటే కీబోర్డే, కీబోర్డంటే కంప్యూటరే. తెర వేరే లేదు, ఇంట్లో టీవీకే తగిలించుకోవాలి. ప్రోగ్రాములు పాటల క్యాసెట్ లాంటి టేపులో దాచుకోవాలి. ఆ టేపులోంచి ఒక ఆట మెమరీలోకి ఎక్కేసరికి మీ అమ్మమ్మ కుక్కర్ మూడు కూతలు కూసి దిగిపోయేది.

దాని పక్కన రెండు సాకెట్లుండేవి, జాయ్‌స్టిక్‌లకి. ఇదిగో ఈ ప్లగ్గు చూడండి, తొమ్మిది బొర్రలు. నాలుగు తీగలు నాలుగు దిక్కులకి, ఆరోది ఫైర్ బటన్‌కి. ఏడో దాంట్లో 5 వోల్టుల కరెంటు, ఎనిమిదోది గ్రౌండ్. పాత అటారీ 2600 ఆటల పెట్టెకీ, కమడోర్ 64కీ కూడా ఇదే అమరిక. అందుకే ఎవరింట్లో జాయ్‌స్టిక్ విరిగితే పక్కింటి కంప్యూటర్ జాయ్‌స్టిక్ అరువు తెచ్చుకునేవాళ్ళం. కానీ ప్లగ్గు పట్టిందని ప్రతిదాంట్లోనూ దూర్చకూడదు. జపాన్ వాళ్ళ ఎంఎస్ఎక్స్ కంప్యూటర్లకీ ఇలాంటి ప్లగ్గే, అయితే కరెంటు ఐదో దాంట్లో, గ్రౌండ్ తొమ్మిదో దాంట్లో. దీన్ని తీసుకెళ్ళి దానికి పెడితే పని చెయ్యకపోగా ఏదో ఒకటి కాలుతుంది.

అదే ఏడాది అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. కొట్ల ముందు పెద్ద పెద్ద తొట్లలో క్యాట్రిడ్జులు పోసి, సంతలో వంకాయలు అమ్మినట్టు అమ్మేవాళ్ళు. 1984 జూలైలో అటారీ ఇళ్ళ కంప్యూటర్ల వ్యాపారాన్ని జాక్ ట్రామియెల్ కొనేశాడు. ఆయనెవరనుకున్నారు, అంతకు ముందు దాకా పోటీ కంపెనీ కమడోర్‌ని పెట్టి నడిపినవాడు. ఆ గందరగోళంలో అలాంటి ఒక తొట్టిలో ఇది దొరికింది నాకు. పదిడాలర్ల లోపే. ఎందుకు కొన్నానంటే, ఆటల కోసమే. మరి ఇంకెందుకు?

మిసైల్ కమాండ్ అని ఒక ఆట. పైనుంచి క్షిపణులు పడుతుంటాయి, కింద ఆరు ఊళ్ళుంటాయి, మనం గురిచూసి గాల్లోనే పేల్చాలి. 1980లో డేవ్ థ్యూరర్ అనే ఆయన రాశాడు. అది రాస్తున్న రోజుల్లో అణుబాంబులు పడుతున్నట్టు తనకి పీడకలలొచ్చేవని ఆయనే చెప్పుకున్నాడు. ఆట కేంద్రాల్లో నిలబడి ఆడే పెద్ద పెట్టెలో అది ట్రాక్‌బాల్‌తోనే ఆడేది. బంతిని విసురుగా ఒక్క తోపు తోస్తే గురి తెర ఆ చివరికి ఉరికేది. ఇంటికొచ్చేసరికి జాయ్‌స్టిక్. జాయ్‌స్టిక్‌కి తెలిసింది ‘అటు’, ‘ఇటు’ అంతే. ఎంత వేగంగా అన్నది దానికి తెలీదు. గురి నత్తనడక నడిచేది, ఈలోగా మన ఊళ్ళు బూడిద.

ఇంటి అటారీకి వచ్చిన మిసైల్ కమాండ్ క్యాట్రిడ్జ్‌లో ఒక కిటుకు దాగుంది. కంట్రోల్ మీట పట్టుకుని టి నొక్కితే అది ట్రాక్‌బాల్ మాట వింటుంది. ఆ కిటుకు తెలిసిన రాత్రి నేనూ మీ అమ్మమ్మా తెల్లారుజాము దాకా ఆడాం. మీ అమ్మమ్మ ఒప్పుకోదులే. అడగండి కావాలంటే, ‘నేను నిద్రపోయా’ అంటుంది. స్కోరు ఎక్కువ ఆవిడదే.

ఇదిగో, వెనక ఈ చిన్న స్విచ్చు చూశావా? ఒక వైపు నొక్కితే ట్రాక్‌బాల్‌గా పని చేస్తుంది. ఇంకో వైపు నొక్కితే తనో జాయ్‌స్టిక్‌నని నటిస్తుంది. అప్పట్లో చాలా ఆటలకి ట్రాక్‌బాల్ సంగతే తెలీదు గదా, వాటి కోసం. నటించేటప్పుడు బంతిని ఎంత జోరుగా తోసినా బాణం వేగం మారదు. ఎడ్లకి తాడు కట్టి పరిగెత్తమన్నట్టు.

కట్టె ఎగదొయ్యమ్మా బుజ్జీ. ఆ, అలా. చెయ్యి జాగ్రత్త.

ఈ బంతి పుట్టింది ఆటల కోసం కాదర్రా. చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నా. 1946లో బ్రిటిష్ నేవీలో రాల్ఫ్ బెంజమిన్ అనే ఆయన చేశాడు మొదటిది. హిట్లర్ జర్మనీ నుంచి కుర్రతనంలో తప్పించుకొచ్చినవాడాయన. రాడార్ తెర మీద విమానం చుక్క కనిపిస్తుంది, అది కాసేపట్లో ఎక్కడికి చేరుతుందో లెక్క కట్టాలి. ముందు ఆ చుక్క మీదికి గుర్తుని జరపాలి గదా. దానికి జాయ్‌స్టిక్ ఉండేది. అది ఆయనకి నచ్చక, రబ్బరు తొడిగిన రెండు చక్రాల మీద ఒక లోహపు బంతి కూర్చోబెట్టాడు. రోలర్ బాల్ అన్నాడు. మిలిటరీ రహస్యమని అది బయట లోకానికి తెలియలేదు.

ఆ రహస్యం తెలియకుండానే 1952లో కెనడా వాళ్ళు తమ నేవీకోసం డేటార్ అనే ఏర్పాటు కట్టారు. అందులో బంతి ఎక్కణ్ణించి తెచ్చారో చెప్పుకోండి చూద్దాం. బౌలింగ్ ఆటలోది! మీరు బర్త్‌డేలకి వెళ్ళి విసిరే పెద్దబంతి కాదు. కెనడాలో ఐదు పిన్నుల బౌలింగ్ అని ఉంటుంది, దాని బంతి చిన్నది, వేళ్ళు దూర్చే బొక్కలుండవు, అరచేతిలో ఒదుగుతుంది. దాన్నే గాలి మెత్త మీద తేలేట్టు పెట్టి దొర్లించారు. కొట్లో దొరికే వస్తువుతో యుద్ధ నౌక సామాను చేశారంటే నాకా ఇంజనీర్ల మీద భలే గౌరవం.

ఇంకోటి విన్నారంటే నవ్వుతారు. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీవాళ్ళు విమానాల రాకపోకలు చూసే రాడార్‌కి ట్రాక్‌బాల్ చేసిపెట్టారు. అది బల్లకి రంధ్రం చేసి బిగించాలి. తర్వాత తమ కంప్యూటర్‌కి అలాంటిదే కావాల్సొస్తే బల్లకి రంధ్రాలెందుకని, ఆ బంతినే బోర్లించి చిన్న డొప్పలో పెట్టి చేత్తో తోసుకునేట్టు చేశారు. 1968 అక్టోబరులో బయటపెట్టారు. డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన మౌసుని జనానికి చూపించాడు. ఆయన మౌసులో బంతి కూడా లేదు, రెండు చక్రాలు. అంటే లోపల బంతి ఉన్న మౌస్ ఏమిటయ్యా అంటే, వెల్లకిలా పడుకున్న ట్రాక్‌బాల్ బోర్లా తిరిగి పడుకుంది. ఈ సంగతి మనకి ముందుకి పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

సరే, మన కథకి వద్దాం. 1984లో మీ అమ్మ పుట్టింది. అదే ఏడాది ఆపిల్ వాళ్ళు మెకింతోష్ తెచ్చారు. దాంతో జనం నోట మౌస్ అన్న మాట పడింది. 1985లో అటారీ ఎస్టీ వచ్చింది, కమడోర్ వాళ్ళ అమీగా వచ్చింది. రెండింటికీ మౌసులే. 1986లో నేను కళ్ళు మూసుకుని 1040ఎస్టీ కొన్నా. నలుపూ తెలుపూ మానిటర్‌తో కలిపి 999 డాలర్లు. వెయ్యి డాలర్ల లోపు ఒక మెగాబైట్ మెమరీ వచ్చిన మొదటి కంప్యూటరది. మీ అమ్మమ్మ వారం రోజులు నాతో సగం మాటలే మాట్లాడింది.

దాన్ని పెట్టింది భోజనాల బల్ల మీద. ఇంకెక్కడుంది చోటు? నలుగురు కూర్చునే బల్ల. అందులో సగం ఎస్టీది, పావు మీ అమ్మ గిన్నెలది, మిగిలిన పావులో మేమిద్దరం తినాలి. మౌస్ తిప్పుకోవడానికి నాకు దక్కింది జానెడు జాగా. బాణం తెర మధ్యకొచ్చేసరికి మౌస్ పచ్చడి జాడీకి తగిలేది. ఎత్తి వెనక్కి పెట్టు, మళ్ళీ తొయ్యి. ఆవకాయ నూనె మరక అంటని ప్రోగ్రాం కాగితం ఒక్కటి లేదు నా దగ్గర.

1987 శరదృతువు. మీ అమ్మకి మూడేళ్ళు. మీ మామయ్య కడుపులో ఉన్నాడు. పురిటికి సాయంగా మా అమ్మని ఊరి నుంచి రప్పిస్తున్నాం. ఆ హడావుడిలో ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే బాణం కదలదు. మౌస్ తిరగేసి చూస్తే కింద గుండ్రటి మూత లేదు, లోపల బంతి లేదు. కళ్ళు పీకేసినట్టుంది పాపం.

ఆ రోజుల్లో దాదాపు ప్రతి మౌస్ పొట్టలోనూ రబ్బరు పూసిన ఇనప గుండు ఒకటుండేది. బల్ల మీది దుమ్మంతా మోసుకెళ్ళి లోపలి రోలర్లకి నల్లటి పట్టీలా చుట్టేది. వారానికోసారి మూత తిప్పి, గుండు తీసి, ఆ మకిలి గోటితో గీకేవాణ్ణి. నేను గీకుతుంటే మీ అమ్మ పక్కన కూర్చుని చూసేది. చూసి నేర్చుకుంది, ఇంకేముంది.

‘బంతేదమ్మా?’ అంటే వేలు పెట్టి నేలలోకి చూపించింది. వేడిగాలి వచ్చే గొట్టం మీద ఇనప జాలీ ఉంటుంది చూశారూ, దాన్ని ఎత్తడం దానికి అప్పటికే వచ్చు. చెంచాలు, మీ అమ్మమ్మ మట్టిగాజు, నా కారు తాళం, అన్నీ ఆ కంతలోకే. మోచెయ్యి దాకా దూర్చి తడిమా. తాళం దొరికింది. గుండు ఎక్కడికో దొర్లిపోయింది. మనవాళ్ళు పాతాళానికి పోయిందంటారే, అలాగ.

కొత్త మౌస్ కొనొచ్చు. కానీ ఆ నెలలో అమ్మ విమానం టికెట్టు, ఆస్పత్రి ఖర్చు, ఉయ్యాల. మీ అమ్మమ్మ నా మొహం చూసింది, నేను మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది బట్టల అల్మరాలో పడున్న ఈ పెట్టె. నా దగ్గర బంతి పోయిన మౌస్ ఒకటుంది, మౌస్ కాని బంతి ఒకటుంది.

ప్లగ్గు సరిపోయింది. మాట కుదర్లేదు. ఎందుకో చెబుతా, ఇది కొంచెం జాగ్రత్తగా వినాలి.

చిన్నోడా, ఆ బంతి పైకి తియ్యి. లోపల చూడు, రెండు ఉక్కు కడ్డీలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మూడో మూల ఊరికే ఆనడానికి చిన్న బేరింగు. బంతి దొర్లితే కడ్డీలు తిరుగుతాయి. ఒక్కో కడ్డీ చివర పళ్ళు పళ్ళుగా కోసిన చిన్న చక్రం. చక్రానికి ఒక పక్క దీపం, ఇంకో పక్క రెండు కళ్ళు. చక్రం తిరుగుతుంటే వెలుగు పడుతూ ఆగుతూ ఉంటుంది.

రెండు కళ్ళెందుకు? మా ఊళ్ళో రాత్రిపూట బండి పోయిందంటే, పడుకున్నవాళ్ళు లేవకుండానే ఎటుపోయిందో చెప్పేవాళ్ళు. వీధి తూర్పు చివర ఒక కుక్క, పడమర చివర ఒక కుక్క. తూర్పు కుక్క ముందు మొరిగి తర్వాత పడమర కుక్క అందుకుందంటే బండి పడమరకి పోతున్నట్టు. రెండోది ముందు మొరిగితే ఇటొస్తున్నట్టు. ఎన్నిసార్లు మొరిగాయో లెక్కపెడితే ఎన్ని బళ్ళు పోయాయో తెలుస్తుంది. ఇదీ అంతే. ఏ కన్ను ముందు వెలుగు చూసిందన్నది దిక్కు. ఎన్నిసార్లు చూసిందన్నది దూరం.

ఎస్టీకి ఈ కుక్కల అరుపు నేరుగా వినిపించాలి. ఆ మౌస్ తీగల్లో ఉండేవి ఆ అరుపులే, అడ్డానికి రెండు, నిలువుకి రెండు. ఈ సీఎక్స్22లో మాత్రం మధ్యలో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. రెండు అరుపులూ తనే విని, ‘బండి పడమరకి పోతోంది’ అని ఒక తీగ మీద, ‘ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది’ అని ఇంకో తీగ మీద చెబుతాడు. 1983 నాటి ఇంటి అటారీకి అదే సుళువు. ఎస్టీకి ఆ భాష రాదు.

అందుకని నేనేం చేశా? ఆ పెద్దమనిషిని పక్కకి తప్పుకోమన్నా. నాతో పని చేసే ఒకాయన దగ్గర సోల్డరింగ్ ఐరన్ అరువు తెచ్చా. భోజనాల బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి, కింది స్క్రూలు విప్పి, కళ్ళ దగ్గర్నించి వచ్చే నాలుగు తీగలు ఆ సర్క్యూట్‌కి ముందే పట్టుకుని నేరుగా ప్లగ్గులోకి పంపా. బటన్లు అటొకటి ఇటొకటి ఉన్నాయి గదా, జాయ్‌స్టిక్‌కి ఉండేది ఒకే ఫైర్ కాబట్టి రెండూ ఒకే పని చేసేవి. వాటిని విడగొట్టి ఎడమది ఆరో దానికి, కుడిది తొమ్మిదో దానికి ఇచ్చా. ఇల్లంతా సీసం కాలిన కంపు. మీ అమ్మమ్మకి వేవిళ్ళు తిరిగొచ్చాయని తిట్టింది.

రెండు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి అయిపోయాక పెడితే, బంతి ముందుకి తోస్తే బాణం వెనక్కి వచ్చింది. కుక్కలు తారుమారయ్యాయన్న మాట. రెండు తీగలు మార్చా. మా ఫ్రెండ్ ఒకాయన దగ్గర అమీగా ఉండేది. తీసుకెళ్ళి దానికి పెడితే బాణానికి చలిజ్వరం వచ్చినట్టు అక్కడే వణికింది. దానికీ ఇదే ప్లగ్గు, ఇవే అరుపులు, కానీ ఏ అరుపు ఏ సూదిలోనన్నది వేరే వరస. ఒక్క దేశం, ఒక్క ఏడాది, రెండు కంపెనీలు, ఇద్దరూ చెరో వరస పెట్టారు.

ఎస్టీకి మాత్రం అమోఘం. పచ్చడి జాడీ దాని చోట అది ఉంది, బంతి పెట్టె దాని మూలన అది ఉంది. ఒళ్ళో పెట్టుకుని కూడా పని చేసుకోవచ్చు. ఎస్టీలో మెనూలకి క్లిక్ కూడా అక్కర్లేదు, బాణం తాకితే చాలు జారేవి. వేళ్ళతో బంతిని అలా తడితే మెనూలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తలుపులు తెరుచుకున్నట్టు తెరుచుకునేవి.

ఒక్క దగ్గరే తంటా. బటన్ నొక్కి పట్టుకుని లాగాలి చూడు, అక్కడ. ఫైలుని చెత్తబుట్టలో వెయ్యాలన్నా, బొమ్మ గియ్యాలన్నా ఒక వేలు బటన్ మీద బిగబట్టాలి, అరచెయ్యి బంతిని దొర్లించాలి. బిగబట్టిన చెయ్యి సుతారంగా ఎలా దొర్లిస్తుంది? సగం దార్లో వేలు జారి ఫైలు ఎక్కడో పడేది. ట్రాక్‌బాల్ వాడిన ప్రతివాడికీ ఈ బాధ తెలుసు. తర్వాత కొన్నిటికి నొక్కకుండానే నొక్కినట్టు ఉంచే బటన్ పెట్టారు కూడా.

మా అమ్మ అక్టోబరులో దిగింది. మీకు తాతమ్మ. మీరు చూళ్ళేదు. నవంబరులో మీ మామయ్య పుట్టాడు. పురుడు వెళ్ళింది, నామకరణమైంది, ధనుర్మాసం పట్టింది. అక్కణ్ణించి మా అమ్మ తెల్లారుజామున లేచి కిటికీ దగ్గర నిలబడేది. రెండో అంతస్తు మాది. కింద చూస్తే కార్లు, కార్ల మీద మంచు, దారంతా మంచు.

‘ఒరే అబ్బాయ్, నెలపట్టినా గుమ్మంలో ముగ్గు లేని ఇల్లు ఇదే చూడ్డం’ అంది ఒకరోజు. కింద వేద్దామా అంటే, ‘తెల్లటి మంచు మీద తెల్లటి పిండి ఎవరికి కనపడుతుందిరా’ అంది. తలుపు బయట వరండాలో వేద్దామా అంటే అక్కడ కార్పెట్టు.

ఆ రాత్రి నేను కంప్యూటర్‌లో డీగాస్ తెరిచా. టామ్ హడ్సన్ అనే ఆయన ఎస్టీ కోసం 1985లో రాసిన బొమ్మల ప్రోగ్రామది. తెర అంతా నల్లరంగు పోసేశా. నల్లటి నేల, అలికినట్టు. తెల్లరంగు పట్టుకుని అమ్మని పిలిచా. ‘ఇక్కడ వెయ్యమ్మా’ అన్నా.

ఆవిడకి కంప్యూటరంటే నేను ఉద్యోగానికి పోయి చేసే పని. భయపడింది. ఈ బంతి చూపించి చెయ్యి పెట్టమన్నా. పెట్టబోయి ఆగి, ‘కాస్త విబూది ఉంటే ఇవ్వు’ అంది. ఎందుకంటే, ‘వేళ్ళు జారకుండా’ అంది. వత్తులు చేసేటప్పుడు రాసుకుంటారు చూడు, అలాగ. వద్దమ్మా, లోపలికి పోతే పాడవుతుందన్నా. కొంగుకి చెయ్యి తుడుచుకుని ముట్టుకుంది.

నేను చూస్తూ ఉన్నా. మా ఆఫీసులో పెద్ద పెద్ద ఇంజనీర్లు మొదటిసారి మౌస్ పట్టుకుని బల్ల అంచు దాకా తోసి ఇప్పుడేం చెయ్యాలని అడగడం చూశా. మా అమ్మ అడగలేదు. అరచెయ్యి ఎత్తి, మునివేళ్ళు మాత్రం ఆనించి, ఇంత ఇంతగా నలిపింది బంతిని. అరవై ఏళ్ళుగా దూదిని తొడ మీద పెట్టి నలిపిన చెయ్యది. ఎంత ఒత్తిడికి ఎంత దొర్లుతుందో ఆ చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు. బాణం ఎక్కడ ఆగాలనుకుందో అక్కడ ఆగింది.

ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క. మధ్యలో ఏడు, పైకి ఆరు ఐదు నాలుగు, కిందకీ ఆరు ఐదు నాలుగు. లెక్కపెట్టుకోండి, ముప్ఫై ఏడు. ముప్ఫై ఏడు క్లిక్కులు. ‘ఈ అద్దం వెనక ఏముందిరా’ అని అడిగింది మధ్యలో. ఇదంతా చిన్న చిన్న చుక్కలేనమ్మా, అడ్డంగా 640, నిలువుగా 400, మొత్తం 2,56,000 చుక్కలు, ఏది వెలగాలో ఏది ఆరాలో కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుందన్నా. కాసేపు ఆలోచించింది. ‘చుక్కలు ముందే పెట్టుంచారన్న మాట. కలుపుకోవడమే మన పని’ అంది.

కలపడం దగ్గరే వచ్చింది చిక్కు. బటన్ బిగబట్టి బంతి దొర్లించేసరికి గీత సగంలో తెగింది. మళ్ళీ, మళ్ళీ తెగింది. ఎస్టీ కీబోర్డులో అండూ అని ఒక మీట ఉంటుంది, నొక్కితే చేసింది వెనక్కి పోతుంది. నాలుగుసార్లు నొక్కా. తిన్నటి గీత గీసే పనిముట్టు వేరే ఉందమ్మా, ఇక్కడొక నొక్కు అక్కడొక నొక్కు అన్నా. వినలేదు. ‘గీత మధ్యలో చెయ్యి తియ్యకూడదురా. నొక్కితే వచ్చేదానికి నేనెందుకు?’ అంది.

అప్పుడు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నా. ఎడమ బటన్ మీద నా వేలు పెట్టా. ‘నువ్వు బంతి చూసుకో, బటన్ నేను పట్టుకుంటా’ అన్నా.

‘ఊ’ అంటే నొక్కాలి, ‘చాలు’ అంటే వదలాలి. ఊ. బాణం కదిలేది, వెనకాలే తెల్లటి గీత. చాలు. ఇద్దరి చేతులూ ఆ చిన్న పెట్టె మీదే, మోచేతులు తగులుకుంటూ. గీత అక్కడక్కడా మెట్లుమెట్లుగా వణికింది. ఆవిడ పట్టించుకోలేదు. ‘పిండితో వేసినా ఇంతే, దూరం నించి చూస్తే తిన్నగానే ఉంటుంది’ అంది. మధ్యలో మీ మామయ్య లేచి ఏడిస్తే మీ అమ్మమ్మ ఎత్తుకొచ్చి మా వెనకాల నిలబడి చూసింది. మీ అమ్మ బల్ల కిందికి దూరి నా కాళ్ళ మీద నిద్రపోయింది. మేం ముగించేసరికి రాత్రి ఒంటిగంట.

ఫ్లాపీలో దాచా. ముగ్గు ఎలాంటిదైనా ఆ ప్రోగ్రాం రాసే ఫైలు ఒకే సైజు, 32,034 బైట్లు. ఆ నెలంతా తెల్లారుజామున కంప్యూటర్ పెట్టి ముగ్గు తెరిచి, తెరని కిటికీ వైపు తిప్పి ఉంచేది అమ్మ. వీధిలోకి కనపడాలట. సంక్రాంతి వెళ్ళాక ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ దేశం రాలేదు.

మరుసటేడు కొత్త మౌస్ కొన్నా. ట్రాక్‌బాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1991లో ఆపిల్ పవర్‌బుక్ ల్యాప్‌టాప్‌లో కీబోర్డ్ కింద నట్టనడుమ బంతే ఉండేది. విమానంలో మోకాళ్ళ మీద మౌస్ తిప్పుకోలేరు గదా. 1994లో వాళ్ళే దాన్ని తీసేసి, మీరిప్పుడు వేళ్ళతో రుద్దే పలక పెట్టారు. అదీ అంతే, చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. లోజిటెక్ వాళ్ళు బంతికి చుక్కలు పెట్టి, ఆ చుక్కల్ని కంటితో చూసే ట్రాక్‌బాల్ 1995లో తెచ్చారు. ఎర్రటి బంతి మీద నల్లచుక్కలు. అది చూసినప్పుడు అమ్మ బతికే ఉంది. ఫోన్లో చెబితే, ‘బంతికీ చుక్కలు పెట్టారా’ అని నవ్వింది.

ఏమిటి బుజ్జీ? ఆ ముగ్గు ఎవరు వేసినట్టా? మంచి ప్రశ్నే. ఫైలుకి నా పేరే పెట్టా అప్పుడు, బుద్ధిలేక.

మొద్దు అంటుకుంది చూడండి ఇప్పుడు. ఆ పైఅరలోనే, కుక్కర్ వెనకాల, ఇంకో డబ్బా ఉండాలి. అందులో ఉంది ఎస్టీ, ఫ్లాపీలూ ఉన్నాయి. ఇన్నేళ్ళకి అవి చదువుతుందో లేదో. రేపు పొద్దున దింపుదాం. చదవకపోతే ముప్ఫై ఏడు చుక్కలే గదా, మళ్ళీ పెట్టుకుందాం. చిన్నోడా, ఆ బంతి జాగ్రత్తగా దాని కంతలో కూర్చోబెట్టు. బుజ్జీ, రేపు నువ్వు దొర్లించు. బటన్ నేను పట్టుకుంటా.